ఖాళీ ఫ్లాట్లు ఇన్ని ఉంటే మాకు ఇల్లెందుకు దొరకట్లేదు?

సొంతింటి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ప్రభుత్వమూ బిల్డర్లూ కలిసి కడితే ఇళ్ల కొరత తీరిపోతుందని అంటున్నారే, అది మాలాంటి వాళ్లకు నిజంగా పనికొస్తుందా అని. అందుకే లోన్ బదిలీలు, లీకేజీల ప్రశ్నలు వచ్చే నెలకు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: మా ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు 36 వేలు. నిజాంపేటలో ఉంటున్నాం, అద్దె 11 వేలు. దేశంలో కోట్ల ఇళ్లు తక్కువున్నాయని పేపర్లో చదువుతాం. మా వీధిలో చూస్తే కొత్త అపార్ట్‌మెంట్లలో సగం ఫ్లాట్లకు రాత్రిపూట లైట్లే వెలగవు. ఇందులో ఏది నిజం మేడమ్? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ నిజమేనమ్మా. 2012లో అమితాబ్ కుండు కమిటీ కేంద్రానికి ఇచ్చిన లెక్క ప్రకారం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువ. అంతకు ఏడాది ముందు, 2011 జనాభా లెక్కల్లో, అవే పట్టణాల్లో 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది. ఇంకో సంగతి, ఆ కొరతలో పడేవాళ్లంతా రోడ్డు మీద పడుకునేవాళ్లు కాదు. దాదాపు 80 శాతం మంది ఇరుకు ఇళ్లలో సర్దుకుంటున్నవాళ్లే. పెళ్లయిన కొడుకూ కోడలికీ విడిగా ఒక గది లేక, అమ్మానాన్నలు వరండాలో పడుకునే ఇళ్లు మనందరం చూసినవే కదా, ఆ ఇళ్లే ఈ లెక్కలో ఎక్కువ. కొరతలో 95 శాతానికి పైగా తక్కువ ఆదాయం వాళ్లదే. ఖాళీగా ఉన్న ఫ్లాట్లు కట్టింది వాళ్ల కోసం కాదు.

ఎందుకు కట్టరో మీ జీతంతోనే లెక్క వేసి చూద్దాం. అద్దె మానేసి నెలకు 12 వేలు ఈఎంఐ కట్టగలరు అనుకోండి. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే లక్షకు 900 చొప్పున పడుతుంది, అంటే మీకు 13 లక్షల దాకా లోన్ వస్తుంది. దాచుకున్నది ఇంకో 2 లక్షలు కలిపితే 15. ఇప్పుడు బిల్డర్ వైపు నుంచి చూడండి. లోపల 430 అడుగులుండే చిన్న ఫ్లాటుకు గోడలు, మెట్లు, నడవా అన్నీ కలిపి 600 అడుగులు కట్టాలి, అడుగుకు 2 వేలు వేసుకున్నా 12 లక్షలు అక్కడికే అయిపోయాయి. మిగిలిన 3 లక్షల్లో నేల ఖరీదు, పర్మిషన్లు, తెచ్చిన అప్పు మీద వడ్డీ, అతని లాభం అన్నీ రావాలి. గజం 60 వేలు అనుకుంటే, ఫ్లాటుకు 20 గజాలు పడినా నేలకే 12 లక్షలు. మరి ఎక్కడ కుదురుతుంది? బిల్డర్ మంచివాడా చెడ్డవాడా అన్న మాట తర్వాత, ముందు ఈ లెక్కే కుదరదు.

జీఎస్టీ 1 శాతం మాత్రమే వేసే ‘అఫర్డబుల్’ ఇంటికి ధర పరిమితి 45 లక్షలు. ఆ మొత్తానికి లోన్ తీసుకుంటే ఈఎంఐ 40 వేలు దాటుతుంది. మీ ఇద్దరి జీతం 36 వేలు. అందుబాటు ఇల్లు అనే మాటకు, మీ ఇంటి బడ్జెట్‌కు మధ్య ఎంత దూరం ఉందో ఇక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న: ప్రభుత్వ భూమి బిల్డర్లకు ఇస్తే అది దోచిపెట్టడం కాదా? ప్రభుత్వమే నేరుగా కట్టి ఇవ్వవచ్చు కదా. నేను రిటైర్డ్ టీచర్‌ని, ఇలాంటివి చాలా చూశాను. – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, మీ అనుమానం నాకు అర్థమవుతుంది, అందులో న్యాయం కూడా ఉంది. కానీ ‘ప్రభుత్వమే నేరుగా’ అన్నది కూడా మన కళ్ల ముందు జరిగిన కథే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మధ్యతరగతి కోసం రాజీవ్ స్వగృహ మొదలుపెట్టారు. మార్కెట్ కంటే తక్కువకు ఫ్లాట్లు అన్నారు. పని సాగుతూ పోయింది, ఖర్చు పెరుగుతూ పోయింది. హైదరాబాద్ పక్కన బండ్లగూడ, పోచారంలో కట్టినవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, చివరికి 2022లో లాటరీ తీసి అమ్మాల్సి వచ్చింది. ఇల్లు కట్టడం ఒక ఎత్తు, సమయానికి ముగించి మనుషుల్ని అందులోకి చేర్చడం ఇంకో ఎత్తు. ఆ రెండో దాంట్లో బిల్డర్‌కు చురుకెక్కువ, ఎందుకంటే ఆలస్యమైతే వడ్డీ అతని జేబులోంచే పోతుంది.

అయితే బిల్డర్ దగ్గర లేనిదీ, ప్రభుత్వం దగ్గర ఉన్నదీ ఒక్కటే, భూమి. పైన ఆ అమ్మాయికి వేసి చూపించిన లెక్కలో నేల ఖరీదు తీసేయండి, 15 లక్షల ఇల్లు దాదాపు నిలబడుతుంది. నా బాధంతా ఇక్కడే. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, భూమి వేలం వేసినప్పుడు ఎకరం 100 కోట్లు దాటింది. ప్రభుత్వానికి డబ్బు అవసరం ఉంటుంది, కాదనను. కానీ ఉన్న భూమిని అత్యధిక ధరకు అమ్ముకుంటూ, మరోపక్క చవక ఇళ్లు కట్టమని బిల్డర్లను అడిగితే ఎవరు కడతారు? ఎకరం వంద కోట్లకు కొన్నవాడు ఆకాశమంత టవరు కట్టి కోట్లకే అమ్ముకోవాలి, తప్పదు.

అలాగని ఊరికే రాసిచ్చేయమనడం లేదు. సింగపూర్‌లో జనాభాలో దాదాపు 80 శాతం మంది ఉండేది ప్రభుత్వ హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలోనే, ఆ ఫ్లాట్లు ఇచ్చేది 99 ఏళ్ల లీజుకు. నేల మాత్రం ప్రభుత్వానిదే. మనం కూడా అమ్మకుండా లీజుకిచ్చి, ఫ్లాటు ధర ఎంతో ముందే నిర్ణయించేయవచ్చు. హర్యానా 2013లో తెచ్చిన పాలసీలో ఇలాంటిదే ఒక పద్ధతి ఉంది. అక్కడ భూమి బిల్డర్‌దే, ప్రభుత్వం ఎక్కువ అంతస్తులకు అనుమతిస్తుంది, కొద్దిగా షాపులు కట్టుకోనిస్తుంది. బదులుగా ఫ్లాటు ధర అడుగుకు ఇంతని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, గురుగ్రామ్‌లో మొదట్లో అది 4,000. ఎవరికి ఇవ్వాలో డ్రా తీసి తేలుస్తారు, 4 ఏళ్లలో ముగించాలి. అన్నీ సక్రమంగా జరిగాయని చెప్పను, ఆలస్యమైనవీ ఉన్నాయి, లైసెన్సు రద్దయినవీ ఉన్నాయి. కానీ ధర, గడువు, కొనేవాళ్లను ఎంచే తీరు ఈ మూడూ పునాది తవ్వకముందే కాగితం మీద ఉన్నాయి కాబట్టే తప్పు జరిగినప్పుడు పట్టుకోగలిగారు. దోచిపెట్టడం అనేది ఎక్కడ మొదలవుతుందంటే, భూమి ముందే ఇచ్చేసి షరతులు తర్వాత చూసుకుందాం అన్నచోట.

ముంబై సంగతి కూడా చాలామంది రాశారు. అక్కడ 1995 నుంచి మురికివాడల పునరావాస పథకం నడుస్తోంది. గుడిసెల స్థలంలోనే బిల్డర్ వాళ్లకు ఉచితంగా ఫ్లాట్లు కట్టిచ్చి, మిగతా స్థలంలో కట్టినవి తను అమ్ముకుంటాడు. వినడానికి బాగుంటుంది. 40 లక్షల మందికి ఉచిత ఇళ్లన్న హామీతో మొదలైంది, ఇప్పటికి సగం కూడా నెరవేరలేదు. కట్టిన వాటిలో చాలా బిల్డింగులు పక్కపక్కనే ఇరికించడం వల్ల కింది అంతస్తుల్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. పైగా ఆ పద్ధతి నడవాలంటే, బిల్డర్ అమ్ముకునే ఫ్లాటు ఖరీదు చాలా ఎక్కువ ఉండాలి, ఆ లాభంలోంచే ఉచిత ఇళ్లు రావాలి కాబట్టి. ముంబైలో అది ఉంది, హైదరాబాద్‌లో కొన్ని ప్రాంతాల్లో ఉంటుందేమో. మీ ఒంగోలులోనో, నిజామాబాద్‌లోనో ఆ లాభం ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ లీజు భూమి, ప్రభుత్వ సాయం తప్ప ఇంకో దారి నాకు కనపడట్లేదు.

ప్రశ్న: ప్రధానమంత్రి ఆవాస్ యోజన కొత్త విడతలో వడ్డీ రాయితీ వస్తుందంటున్నారు. మాది సొంత ఇల్లు లేని కుటుంబం, ఏడాదికి 5 లక్షల ఆదాయం. విజయవాడలో రీసేల్ ఫ్లాటు చూశాం, 27 లక్షలు చెప్తున్నారు. మాకు వర్తిస్తుందా?

జవాబు: అడిగి చూడదగ్గదే. ఈ విడత, అంటే పట్టణ ఆవాస్ యోజన 2.0, కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఆమోదించింది, లక్ష్యం కోటి ఇళ్లు. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకు వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ లెక్కగట్టి, మొత్తం మీద 1.80 లక్షల వరకు ఐదు వార్షిక వాయిదాల్లో లోన్ ఖాతాలో వేస్తారు. లోన్ 2024 సెప్టెంబరు 1 తర్వాత మంజూరైనదై ఉండాలి. బయానా ఇచ్చే ముందే బ్యాంకులో అడగండి, ఇచ్చాక అడిగితే వాళ్లు లేదన్నా మీరు వెనక్కి రాలేరు.

ఇదే పథకంలో ప్రైవేటు ప్రాజెక్టుల్లో ఇల్లు కొనుక్కునే పేద కుటుంబాలకు వోచర్ ఇచ్చే ఏర్పాటు కూడా పెట్టారు. రాష్ట్రం ముందే పరిశీలించి జాబితాలో చేర్చిన ప్రాజెక్టుల్లోనే అది చెల్లుతుంది. నాకు ఇది నచ్చింది, డబ్బు బిల్డర్ చుట్టూ కాకుండా కొనేవాళ్ల చుట్టూ తిరుగుతుంది కదా.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. హైదరాబాద్ శివార్లలో ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాటు, ముందు యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తామంటున్నారు. బావగారు నమ్మకంగా చెప్పారు. కట్టమంటారా?

జవాబు: వద్దు. బావగారి మీద గౌరవం ఉంచుకుంటూనే వద్దని చెప్పండి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడగకూడదు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు మీదే ఖర్చు పెట్టాలి. ప్రీలాంచ్ అంటేనే ఈ మూడింటినీ దాటుకుని వెళ్లడం. యూడీఎస్ అంటే మీ చేతికొచ్చేది విడదీయని నేలలో ఒక వాటా కాగితం మాత్రమే, అందులో మీ ఫ్లాటు ఏ అంతస్తులో ఉందో కూడా ఉండదు, పర్మిషన్ రాకపోతే ఆ వాటాదారులంతా కలిసి కోర్టు చుట్టూ తిరగాల్సిందే. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి చూడండి. నంబరు లేకపోతే మాట అక్కడితో ఆపేయండి. ఇళ్ల కొరత ఉన్నచోటే ఇలాంటి ఆశలు అమ్ముతారు, మీలాంటివాళ్ల పదేళ్ల పొదుపు ఒక్క సంతకంతో పోయిన కేసులు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్, నేను బట్టలు కుడతాను. ప్రభుత్వం ఇచ్చిన ఫ్లాటు మాకూ వచ్చింది. సంతోషంగా చేరాం. ఊరికి 12 కిలోమీటర్లు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బట్టలు ఇచ్చేవాళ్లంతా పాత వీధిలోనే ఉన్నారు. ఆటోకు రోజుకు 100 అవుతోంది. మా ఆయన మళ్లీ అద్దెకే వెళ్లిపోదాం అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోయిన ఏడాది నేను అలాంటి ఒక కాలనీకి వెళ్లాను. గోడలు గట్టిగా ఉన్నాయి, వంటగదిలో గట్టు కూడా చక్కగా వేశారు. మూడో అంతస్తులో ఒకామె కింద ట్యాంకర్ దగ్గర పట్టిన బిందెను నడుం మీద పెట్టుకుని ఎక్కుతోంది, మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ఆ వరసలో ఎనిమిది తలుపులుంటే ఐదింటికి తాళాలు. తాళాలు వేసిన వాళ్లంతా మళ్లీ ఊళ్లో అద్దెకు ఉంటున్నారని ఆమే చెప్పింది.

చవక భూమి ఊరి బయటే దొరుకుతుంది కాబట్టి అక్కడే కడతారు, కాంట్రాక్టర్ తన పని గోడలతో ముగిసిందంటాడు, నీళ్లు, బస్సు, బడి ఎవరి పనో తేలదు. అందుకే ఒప్పందంలో ఎన్ని ఇళ్లు అని రాసినంత గట్టిగా, ఎక్కడ అనీ, బస్సు ఎప్పటికల్లా అనీ రాయాలని నేను పట్టుబట్టి చెప్తాను. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఫ్లాట్లను వలస కూలీలకు అద్దెకిచ్చే పథకం 2020లో వచ్చింది, చండీగఢ్, సూరత్ లాంటి చోట్ల అమలు చేశారు. పని దగ్గర్లో ఉంటేనే అదైనా నడుస్తుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. ఫ్లాటు వదులుకోకండి, ఎవరి పేరుకూ రాయకండి, తాళం వేసి వెళ్లే ముందు ఆగండి, మనిషి లేని ఇంటి మీద కేటాయింపు రద్దు నోటీసు వచ్చే ప్రమాదం ఉంది. మీ బ్లాకులో చేరినవాళ్లందరి పేర్లూ, ఫ్లాటు నంబర్లూ, ఎవరు ఏ టైముకు ఎక్కడికి పనికి వెళ్తారో ఒక కాగితం మీద రాయండి. డిపో మేనేజర్‌కు ‘బస్సు వేయండి’ అని రాస్తే పక్కన పెడతారు, ‘పొద్దున 8 గంటలకు ఇంతమంది ఎక్కుతాం’ అని సంతకాలతో రాస్తే లెక్క కనిపిస్తుంది. ఒక కాపీ కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోపు పాత వీధిలో తెలిసిన షాపు ముందు వారానికి రెండు రోజులు కూర్చుని బట్టలు తీసుకుని, ఇంటి దగ్గర కుట్టి ఇవ్వగలరేమో చూడండి, ఆటో ఖర్చు మూడోవంతుకు తగ్గుతుంది. బస్సు సంగతి ఏమైందో నాకు తప్పకుండా రాయండి.