గట్టి బోల్టే ముందు ఎందుకు విరిగింది?

ప్రశ్న: గ్యాసు బావి దగ్గర నిర్వహణ పని చూస్తాను. మా గేటు వాల్వు బోనెట్‌కు, అంటే పైమూతకు, ఎనిమిది స్టడ్ బోల్టులున్నాయి. వాటిలో రెండు ఎవరూ ముట్టుకోకుండానే విరిగి పడ్డాయి. ఒత్తిడి పెరగలేదు. టార్కు రెంచితో లెక్క ప్రకారమే బిగించాం. ఆ మధ్య వాల్వుకు ఇన్సులేషన్ కూడా చుట్టాం. గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న మాట నిజమే కానీ, బోల్టులు బయటే ఉంటాయి కదా! ఇంకా బలమైనవి వేయమని సరఫరాదారు అంటున్నారు. వేయమంటారా?

జవాబు: వద్దు. వేస్తే ఈసారి ఇంకా త్వరగా విరుగుతాయి.

ముందుగా, ఆ వాల్వు దగ్గరికి గ్యాసు డిటెక్టర్ లేకుండా ఎవరినీ వెళ్లనివ్వకండి. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు. పది లక్షల్లో 100 పాళ్ల దగ్గరే ముక్కు ఆ వాసనను పట్టే శక్తి కోల్పోతుంది.

విరిగిన ముక్కలు పారేయకపోతే ఒకటి తీసి వెలుతురులో చూడండి. లాగుడుకు తట్టుకోలేక తెగిన బోల్టు తెగేముందు సాగుతుంది, మెడ సన్నబడుతుంది. మీ ముక్కలో అది కనిపించకపోతే, పగులు మర అడుగున మొదలై గరుకుగా, అడ్డంగా, సుద్దముక్క విరిగినట్టు ఉంటే, దోషి బరువు కాదు, హైడ్రోజన్.

తేమ, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉక్కును తినేటప్పుడు దాని పైపొర మీద హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. మామూలుగా అవి రెండేసి జతకట్టి బుడగలై పోతాయి. సల్ఫైడ్ ఆ జతకట్టడాన్ని అడ్డుకుంటుంది. ఒంటరిగా మిగిలిన పరమాణువు ఉక్కులోకి దూరి, లాగుడు ఎక్కువగా ఉన్న చోటికి చేరుతుంది. మెత్తని ఉక్కు కాస్త సాగి ఓర్చుకుంటుంది. గట్టి ఉక్కు పగులుతుంది. బిగించిన బోల్టు రాత్రింబవళ్లు లాగుడులోనే ఉంటుంది కనుక పగలడానికి కొత్త భారం అక్కర్లేదు. వేడి పెరిగితే ప్రమాదం పెరుగుతుందనుకుంటారు. ఈ రకం ఉక్కులో అది గది ఉష్ణోగ్రత దగ్గరే ఎక్కువ. అందుకే ఈ పగుళ్లకు ఉక్కును పరీక్షించడం కూడా 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర 720 గంటలు చేస్తారు.

బోల్టులు బయటున్నాయన్నారు. ఇన్సులేషన్ చుట్టిన రోజు నుంచి అవి బయట లేవు. గాస్కెట్ దగ్గర సన్నగా కారిన గ్యాసు గాలిలో కలిసిపోయేది, ఇప్పుడు ఆ తొడుగులోనే తేమతో కలిసి నిలిచిపోతోంది. పుల్లని గ్యాసుకు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న గ్యాసుకు, వాడే ఐఎస్ఓ 15156 ప్రమాణం కూడా పూడ్చిన, కప్పిన, గాలి ఆడని బోల్టులను గ్యాసు తగిలే బోల్టులతో సమానంగానే చూస్తుంది.

స్టడ్ చివర పొడిచిన గుర్తు చూడండి. బహుశా బి7 అనే ఉక్కు రకం గుర్తు ఉంటుంది. దానికి ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి కొలమానంలో 35 దాకా కాఠిన్యం ఉండవచ్చు. పుల్లని గ్యాసులో ఇలాంటి ఉక్కుకు హద్దు 22. కాబట్టి బోల్టు తన ప్రమాణం ప్రకారం నిక్షేపమైనదే, చోటు తప్పింది. మీకు కావలసింది బి7ఎం, అదే ఉక్కులో మెత్తని రకం. ఎనిమిదీ మార్చండి, మిగిలిన ఆరింటిలోనూ పగుళ్లు మొదలై ఉండవచ్చు. ఒత్తిడి పూర్తిగా దించాకే విప్పాలి. ఇంకో మాట: బి7 సాగుడు బలం, అంటే బోల్టు తిరిగి కుదించుకోలేనంతగా సాగడం మొదలయ్యే హద్దు, 105 వేల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), బి7ఎంది 80 వేలు. పాత టార్కు అంకెతో కొత్త బోల్టు బిగించకండి. బోనెట్ లెక్క మళ్లీ వేయించి, వాల్వు తయారీదారుతో రాయించుకోండి.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే, తొలి రోజుల్లో నేను గీసిన ఒక వాల్వులో 17-4 పీహెచ్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు స్టెమ్ (చక్రానికీ గేటుకీ మధ్య కడ్డీ) ఇలాగే విరిగింది. బలం కావాలని గట్టి స్థితిలోనే ఉంచమన్నాను. కాఠిన్యం 40 దాటింది. చక్రం తిప్పుతున్న మనిషి చేతిలో అది ఒక్కసారిగా తేలికైపోయింది, గేటు మాత్రం కదలలేదు. ఆ డ్రాయింగు మీద నా సంతకం ఉంది. అప్పటి నుంచి మెటీరియల్ సర్టిఫికెట్‌లో బలం అంకె కన్నా ముందు కాఠిన్యం అంకె చదువుతాను.

ప్రశ్న: గ్యాసు ఒత్తిడి వదిలాక వాల్వు విప్పితే ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు వలయాలు) పొక్కి, లోపల నిలువునా చీలి ఉంటున్నాయి. రబ్బరు నాసిరకమా?

జవాబు: కాకపోవచ్చు. అధిక ఒత్తిడిలో గ్యాసు రబ్బరులోకి ఇంకుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా దించితే బయటికి వచ్చే దారి చాలక లోపలే ఉబ్బి చీలుస్తుంది. ఒత్తిడిని నెమ్మదిగా, మెట్టుమెట్టుగా దించండి. ఇలా ఒత్తిడి ఒక్కసారిగా దించే పరీక్ష నెగ్గిన, రబ్బరుకు వాడే షోర్ ఎ కొలమానంలో 90 కాఠిన్యం గల రబ్బరు అడగండి. గాడి అనుమతిస్తే సన్నని రింగు మేలు, గ్యాసు బయటపడే దూరం తగ్గుతుంది. అప్పటికీ చీలుతుంటే రబ్బరు మానేసి, లోపల స్ప్రింగు ఉన్న టెఫ్లాన్ సీలుకు మారండి. కాకపోతే దానికి గాడి కొలతలు వేరు, పాత గాడిలో దూర్చే ప్రయత్నం చేయకండి.