మా ఆయనకు మందు లేదు, పేకాట లేదు, గుర్రాలున్నాయి

గుర్రాలు పెంచే అబ్బాయి సంబంధం వచ్చింది, చేసుకోవచ్చా అని అడిగారు కదా. మాది విజయవాడ. కృష్ణ అవతల ఉండవల్లి వైపు మా ఆయనకో పాక, అందులో రెండు గుర్రాలు. కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకే ఎక్కువ.

పెళ్లిచూపుల్లో మా అత్తగారు "మావాడికి మందు లేదు, పేకాట లేదు" అని మా నాన్నతో గట్టిగా చెప్పారు. ఒక్క ముక్క అబద్ధం లేదు. గుర్రాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఖర్చు సంగతి అందరూ చెప్తారు, నేను చెప్పను. గుర్రం అంత పెద్ద జంతువే గానీ దాని పొట్ట చిన్నది. ఒక్కసారే పెట్టి వదిలేస్తే కుదరదు, రోజంతా కొంచెం కొంచెం మేస్తూ ఉండాలి. దాని మేత వేళలే మా ఇంటి వేళలు. తెల్లారకముందే ఈయన బ్యారేజీ దాటేస్తారు. కార్తీకంలో ఊరంతా అమరావతి వెళ్తుంటే, ఈయన రాజస్థాన్‌లోని పుష్కర్ సంతకు రైలెక్కుతారు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయే, ఆ మార్వాడీ గుర్రాల కోసం. కొనడానికి కాదట, చూడ్డానికేనట.

ఒక మే నెలలో గుంటూరులో మా పెద్దమావయ్య కూతురి పెళ్లి. అర్ధరాత్రి ముహూర్తం. జీలకర్ర బెల్లం ఇంకా పెట్టనే లేదు, పాక దగ్గరుండే కుర్రాడి ఫోను. "సార్, చుక్కి పొర్లుతోంది. లేస్తే నేల తవ్వుతోంది, డొక్క వైపే చూసుకుంటోంది." చుక్కి మా గుర్రాల్లో ఒకటి. అంతే, ఈయన పట్టుపంచెతోనే బయల్దేరారు. కారు తాళాలు నా బ్యాగులో ఉన్నాయి కాబట్టి నేనూ. "కడుపునొప్పేగా, కాస్త వాము పట్టండి" అంది మా పిన్ని. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదని, గ్యాస్ పట్టినా పేగు మెలిపడినా ప్రాణం మీదికొస్తుందని ఆవిడకేం తెలుసు!

మన వైపు గేదెల్ని చూసే డాక్టర్లు బోలెడుమంది. గుర్రం అనేసరికి సగం మంది ఫోన్ పెట్టేస్తారు. ఒకాయన ఒప్పుకుని వచ్చేదాకా ఈయన పంచె ఎగ్గట్టి, తాడు పట్టుకుని, దాన్ని పొర్లనివ్వకుండా నడిపిస్తూనే ఉన్నారు. వెనకాల టార్చి పట్టుకుని నేను, కంచిపట్టు చీరలో. డాక్టరు డొక్కకు స్టెతస్కోపు ఆనించి విని, ఇంజెక్షన్ చేసి, ముక్కులోంచి గొట్టం పంపి పారఫిన్ నూనె పోశారు. తెల్లవారుతుండగా లద్దె వేసింది. ఈయన వెంటనే మా అమ్మకు ఫోన్ చేసి "అత్తయ్యగారూ, లద్దె వేసిందండీ!" అని అరిచారు. అక్కడ ఫోన్ స్పీకర్లో ఉంది. అప్పగింతలు జరుగుతున్నాయి.

నవ్వితే నవ్వారు గానీ, నాకు ఒళ్లు మండేది వేరే. ఈ చుట్టాలే పాత నాడా కోసం వరసలో ఉంటారు. గుమ్మానికి కొట్టుకుంటే దిష్టి పోతుందట. అందరికంటే ముందు మా ఆడపడుచు. ఇంకొకావిడ ఉలవలు ఉడికించిన నీళ్ల కోసం క్యాను పట్టుకొస్తుంది. వాటితో చారు కాచుకుని తిని, "గుర్రాలకింత ఖర్చు దేనికమ్మా" అంటుంది. ఆవిడ కొడుకు కారు కొని సెల్లార్లో కవరు కప్పి పెట్టాడు. అది దేనికని మాత్రం ఎవరూ అడగరు. పెళ్లి ఊరేగింపుకి పంపమని అడిగేవాళ్లు ఇంకో రకం. చెవి పక్కన డీజే పెట్టి, కాళ్ల దగ్గర టపాసులు కాల్చి, అది బెదిరితే పొగరుబోతు గుర్రమంటారు.

మీ సంబంధం సంగతికొస్తే, అబ్బాయిని ఏమీ అడక్కండి. చెప్పాపెట్టకుండా ఓ పొద్దున్నే వాళ్ల పాకకు వెళ్లండి. తొట్టిలో నీళ్లు పాచిపట్టాయా, గిట్టల్లో లద్దె ఇరుక్కుని ఉందా, ఎండాకాలమైతే ఫ్యాను తిరుగుతోందా చూడండి. ఫొటోల కోసం కొన్నవాడో, నిజంగా పెంచేవాడో అక్కడే తేలిపోతుంది. పెంచేవాడైతే నిక్షేపంగా చేసుకోండి. కల్యాణమండపం మాత్రం పాకకు దగ్గర్లో చూసుకోండి.