నాన్నగారి పద్మినికి ఇంట్లోనే రంగు: నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. వయసు 34. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. జీతం చేతికి 58,000 వస్తుంది, ఇంటి ఖర్చులు 42,000. బ్యాంకులో 1,20,000 ఉంది. ఈ నెల బోనస్ 80,000 వచ్చింది. మా నాన్నగారు షిప్‌యార్డులో పనిచేసే రోజుల్లో కొన్న 1987 ప్రీమియర్ పద్మిని ఇంటి ముందే ఉంది. తెల్ల కారు, ఆర్సీ 2027 వరకు ఉంది. దాన్ని అమెరికన్ హాట్ రాడ్ కార్లలా మ్యాట్ బ్లాక్ (మెరుపు లేని నలుపు) చేయాలని నా కోరిక. ఆటోనగర్ షెడ్డులో 1,10,000 అడిగారు, అందులో 40,000 టింకరింగ్‌కి. నేనే పోర్టికోలో వేసుకుంటే కంప్రెసర్ 16,000, స్ప్రే గన్ 3,500, రంగులు 18,000, వాటర్ పేపర్లు, టేపులు 2,500, మొత్తం 40,000లో అయిపోతుంది. 70,000 మిగులుతుంది కదా? ఆ 40,000 క్రెడిట్ కార్డు మీద ఏడాది ఈఎంఐ పెట్టి, బోనస్ కదపకుండా ఉంచుకోవచ్చా? రంగు పడ్డాక కారు విలువ పెరుగుతుంది కాబట్టి దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: మీ లెక్కలో ఒక పెద్ద అంకె జారిపోయింది. షెడ్డు వాళ్ల ధరలో టింకరింగ్ 40,000 ఉంది. మీ లిస్టులో దాని ఊసే లేదు. తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడం మీరు పోర్టికోలో చేసే పని కాదు. ఇంట్లో రంగు వేసుకున్నా ఆ 40,000 షెడ్డుకు ఇవ్వాల్సిందే. కాబట్టి మీ 40,000ని పోల్చాల్సింది 1,10,000తో కాదు, 70,000తో. మిగులు 70,000 కాస్తా అప్పుడే 30,000 అయింది.

ఆ టింకరింగ్ ధర కూడా ఇంకా ఖాయం కాదనుకోండి. ఈ ఊరి ఉప్పుగాలిలో దాదాపు నలభై ఏళ్లు నిలబడ్డ కారు అది. తలుపుల అడుగు అంచులు, ఫ్లోరు, చక్రాల మీది వంపులు, బ్యాటరీ కింద రేకు ఒకసారి చూడండి. పైకి రంగు మీద చిన్న బుడగలా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు. పాత రంగు పూర్తిగా గీకేశాక మళ్లీ ఒకసారి చూసి ధర చెప్పమనండి. అప్పుడు చెప్పిన అంకే నమ్మండి.

ఇక మీరు రాయడం మరిచిపోయినవి. కార్ట్రిడ్జ్ మాస్కు, విడి కార్ట్రిడ్జ్‌లకు 5,000. గాలిలో నీళ్లు పట్టే ట్రాప్, రెగ్యులేటర్, హోస్ పైపుకు 3,500. ప్రైమర్‌కి, అంటే రంగు కింద వేసే మొదటి పూతకి, వేరే గన్ కావాలి, ఎందుకంటే ప్రైమర్ చిక్కగా ఉంటుంది. దానికి 1.7 లేదా 1.8 మిల్లీమీటర్ల నాజిల్ వాడతారు, పై రంగుకి 1.3 లేదా 1.4 సరిపోతుంది. ఆ రెండో గన్‌కు 2,500. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ షీట్ల గుడారం, ఎగ్జాస్ట్ ఫ్యాన్, లైట్లు కలిపి 4,500. కాంపౌండ్, పాలిష్ 3,500. ఇవి 19,000. మొదటిసారి గన్ పట్టేవాడికి కనీసం ఒక డోరు మీదైనా రంగు కారుతుంది. అది గీకి మళ్లీ వేయడానికి ఇంకో 5,000 పెట్టండి. మీ 40,000తో కలిపి మొత్తం 64,000. ఇవి నా అంచనాలే, దుకాణంలో వెయ్యి అటూ ఇటూ కావచ్చు. కానీ 70,000 పనికి 64,000 పెడితే మిగిలేది 6,000. పధ్నాలుగు ఆదివారాలు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే మీ కష్టానికి గంటకు 53 రూపాయలు గిట్టాయి. పని అయ్యాక కంప్రెసర్, గన్‌లు సగం ధరకు అమ్ముకుంటే ఇంకో 10,000 వెనక్కి రావచ్చు. అమ్మితేనే సుమా. మా చుట్టాల్లో ఇద్దరి ఇళ్లలో ఇలాంటి కంప్రెసర్లే ఇప్పుడు సైకిల్ టైర్లకు గాలి కొడుతున్నాయి.

కార్డు ఈఎంఐ సంగతి చూద్దాం. 40,000 మీద ఏడాదికి 15 శాతం వడ్డీ వేసినా నెలకు 3,610 చొప్పున మొత్తం 43,300 దాకా కడతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. అన్నీ కలిపి 4,000 పైమాటే. మిగిలే 6,000లో మూడింట రెండొంతులు బ్యాంకుకే పోతుందన్నమాట. ఒక నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే మిగిలిన బాకీ మీద నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా పడుతుంది. అభిరుచికి అప్పు చేయొద్దని నేను అందరికీ చెప్పే మాటే మీకూ చెబుతున్నాను.

అయితే డబ్బు మిగిలే దారి ఒకటుంది. షెడ్డు బిల్లులో గన్ పట్టిన గంటలు కొన్నే. ఎక్కువ భాగం రబ్బింగ్ కూలీ. పాత రంగు దింపడం, బంపర్లు, లైట్లు, బీడింగులు విప్పడం, లప్పం పెట్టి అరగదీయడం, 400 నుంచి 800 నంబరు దాకా వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దడం, చివర్లో పాలిష్. వీటికి ఓపిక కావాలి గానీ కంప్రెసర్ అక్కర్లేదు. ఇవి మీరు చేయండి. స్ప్రే మాత్రం బూత్ (దుమ్ము పడని మూసిన గది) ఉన్న షెడ్డుకు వదిలేయండి.

అలా చేస్తే లెక్క ఇలా వస్తుంది. ఇప్పుడు బోనస్‌లోంచి టింకరింగ్‌కి 40,000, రేకు బయటపడగానే అక్కడే తుప్పు ఆపే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించడానికి 8,000. తుప్పు మీ బోనస్ కోసమో మరో దాని కోసమో ఆగదు, అందుకే ఇది ముందు. మిగిలిన 32,000 బ్యాంకులో వేస్తే మీ నిల్వ 1,52,000 అవుతుంది. అది మూడున్నర నెలల ఖర్చు. ఆరు నెలలకు సరిపడా ఉండాలని నా కోరిక, కానీ ఇంట్లో కారు అలా తుప్పు తింటూ ఉంటే మీరు నా మాట వినరని తెలుసు. జూన్ నుంచి నెలకు 5,000 చొప్పున ఏడు నెలల ఆర్‌డీ కట్టండి. డిసెంబరు చివరికి 35,000 చేతికొస్తుంది. జనవరిలో రంగు వేయించండి. సర్ఫేసర్ (రేకును నునుపు చేసే పూత), బేస్ (అసలు రంగు), క్లియర్ (పైన వేసే పారదర్శక పూత), థిన్నర్‌కి 14,000, వాటర్ పేపర్లకు 2,500, పాలిష్‌కి 3,500, షెడ్డులో స్ప్రే కూలీకి 15,000. అంతా కలిపి 83,000. షెడ్డు ధర కంటే 27,000 తక్కువ. రంగు పనంతా ఇంట్లో చేస్తే టింకరింగ్‌తో కలిపి 1,04,000 అయ్యేది. సామాన్లు అమ్ముకున్నా 94,000. గన్ కొనకపోవడమే మీకు లాభం.

ఒక చిక్కు ఉంది. కింద పని ఒకరిది, పైన రంగు ఒకరిది అయితే రేపు పొర లేచినప్పుడు ఎవరికి వారు చేతులు దులుపుకుంటారు. అందుకే టింకరింగ్ చేసిన షెడ్డులోనే రంగూ వేయించండి. ప్రైమర్ నుంచి క్లియర్ దాకా ఒకే కంపెనీవి వాడండి. ఎక్కడైనా పాత పొర మిగిలితే దాని మీద థిన్నర్ గుడ్డ రుద్దండి. రంగు గుడ్డకు అంటితే అది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగు), ముడతలు పడితే ఎనామిల్. ఎనామిల్ మీద ఎన్‌సీ కొడితే కింది పొర ఉడికిన పాల మీగడలా లేస్తుంది. ప్రైమర్ కొట్టాక ఏడు నెలలు కారు ఎండలో ఉంచకండి. రంగుకు ముందు ఆ ప్రైమర్‌ను మళ్లీ అరగదీసి ఇంకో పలుచటి పూత వేయమనండి.

జనవరి ఎందుకు అన్నానంటే తేమ. నేను ఒకప్పుడు అక్కయ్యపాలెంలో అద్దె ఇంటి మేడ మీద మా పాత చేతక్ స్కూటరుకు ఎన్‌సీ రంగు వేశాను. జూలై నెల. పొద్దున మెరిసిన నీలం సాయంత్రానికి బూజు పట్టినట్టు తెల్లబడింది. థిన్నర్ గబగబా ఆరుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పూత మీద నీరు చేరుతుంది. పీయూ (పాలీయురిథేన్) రంగు వాడితే ఈ బాధ లేదని చెబుతారు గానీ, కంప్రెసర్ గొట్టంలోంచి నీటి చుక్క వచ్చిందంటే అందులో కలిపే హార్డెనర్ (రంగును గట్టిపరిచేది) నీటితో కలిసి బుడగలు కడుతుంది. దానికి తోడు మన ఊళ్లో దుమ్ము. జ్ఞానాపురం, పాతపట్నం వైపు వాళ్లకు పోర్టు బొగ్గు దుమ్ము గురించి నేను చెప్పక్కర్లేదు. గోపాలపట్నంలో అంత లేకపోవచ్చు, కానీ ఆరని క్లియర్ మీద వాలడానికి ఒక్క దోమ చాలు.

పోర్టికోలో స్ప్రే వద్దనడానికి డబ్బు కంటే పెద్ద కారణం వేరే ఉంది. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొద్దిగా పీల్చినా ఊపిరి ఆడదు. ముక్కుకు కట్టుకున్న కర్చీఫు దాన్ని ఆపదు. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ ఇంట్లోకి వెళుతుంది. వంటింట్లో స్టవ్వో, దేవుడి గదిలో దీపమో వెలుగుతుంటే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. పక్కింటి వాళ్ల కారు మీద నల్ల తుంపర పడితే ఆ పాలిష్ ఖర్చూ మీదే. సరదా తీరాలంటే ఆటోనగర్ పాత సామాన్ల దుకాణంలో ఒక పాత డోరు కొనుక్కుని, షెడ్డు మేస్త్రిని బతిమాలి ఆయన గన్‌తో అక్కడే కొట్టి చూడండి. మాస్కు పెట్టుకునే సుమా.

ఇక హాట్ రాడ్. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డుల మడ్‌గార్డులు పీకేసి, ఇంజన్ బలం పెంచి, ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు పెట్టించారు. 1932 ఫోర్డ్ వీ8 వాళ్లకు ప్రాణం. మన దగ్గర బాడీ కోసినా, కంపెనీ ఇచ్చిన నిర్మాణం మార్చినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. కాబట్టి మీ 1089 సీసీ పద్మినికి హాట్ రాడ్ అంటే రంగు, సీట్లు వరకే. ఆ మొరటు నల్ల రూపం కోసం ప్రైమర్ మీదే వదిలేసే పద్ధతి కొందరు పాటిస్తారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. మామూలు ప్రైమర్ నీళ్లు పీలుస్తుంది, సముద్రం పక్కన అది తుప్పుకు పిలుపు. మ్యాట్ క్లియర్ వేయించండి. దాన్ని పాలిష్ చేస్తే మాత్రం మెరుపు మచ్చలు పడతాయి, ఆ 3,500 మీకు మిగిలినట్టే.

పెట్టుబడా అని అడిగారు. కాదు. పాత పద్మినికి మంచి ధర పెట్టేవాళ్లు అసలు రంగు, అసలు సామాను చూస్తారు. మీ నల్ల కారు మీకు నచ్చినంతగా ఇంకొకరికి నచ్చాలని లేదు. ఒకవేళ లాభానికి అమ్మినా, సొంతానికి వాడుకున్న కారు కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. కానీ దాని మీద ఆశలు పెట్టుకోకండి. 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు లేకుండా ఉన్న వాహనాలకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చారు. మీ బండికి ఆ వయసు 2037లో వస్తుంది. అప్పటిదాకా చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకపోతే ఆ దారి తెరిచి ఉండొచ్చు. ఇన్సూరెన్సులో అయిదేళ్లు దాటిన కారు విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని ఖాయం చేసుకునేదే. అందుకే షెడ్డు బిల్లులు, పనికి ముందు, తర్వాత ఫొటోలు దాచండి.

2027లో ఆర్సీ రెన్యువల్ ఉంది. పదిహేనేళ్లు దాటిన కార్లకు 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆ 10,000 మీ లిస్టులో లేదు, ఇప్పుడు రాసుకోండి. ఫిట్‌నెస్ చూసేవాళ్లు బ్రేకులు, లైట్లు చూస్తారు గానీ రంగు మెరుపు చూడరు. చాసిస్ నంబరు మీద లప్పం గానీ రంగు గానీ పడకుండా టేపు వేయమని మేస్త్రికి ముందే చెప్పండి. ఆర్సీలో తెలుపు అని ఉండి కారు నల్లగా వెళితే అక్కడే ఆగిపోతుంది. రంగు మార్చే ముందే రవాణా శాఖలో దరఖాస్తు పెట్టి, ఆర్సీలో మార్పించి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయాలి.

దరఖాస్తు అంటే గుర్తొచ్చింది. కారు ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు. నాన్నగారి పేరు మీదే ఉంటే ఆ కాగితాల మీద సంతకం ఆయనదే కావాలి. తోబుట్టువులు ఉంటే, 83,000 పెట్టేముందు వాళ్లతో ఒక మాట అనుకుని 29, 30 ఫారాలతో బండిని మీ పేరుకు మార్పించుకోండి. ఆయన ఉండగా అది తేలిక పని. ఇంతకీ, తెల్ల కారును నల్లగా చేస్తున్నట్టు ఆయనకు చెప్పారా? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా కనిపించలేదు.