ఇంటి వడ్రంగం: పనిముట్లకు చోటు, చెక్కముక్కలకు లెక్క

ప్రశ్న: పదవీ విరమణ చేశాక, మా ఇంటి పక్కన స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డును వడ్రంగం పనికి వాడుకుంటున్నాను. ఇటుక గోడలు, 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఉలులు ఒక సంచిలో, రంపాలు మేకులకు, స్క్రూలు పాత సీసాల్లో ఉన్నాయి. ఏ పని మొదలుపెట్టినా సగం సమయం వెతుకులాటకే పోతోంది. పొడవాటి గోడ వెంట, తలుపులున్న పెద్ద ప్లైవుడ్ బీరువా ఒకటి చేసుకుందామని అనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి? – ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: బీరువా ఆలోచనను ఆరు నెలలు వాయిదా వేయండి. 8 అడుగుల వెడల్పులో రెండడుగుల లోతు బీరువా ఒక పక్కన, రెండడుగుల వడ్రంగి బల్ల ఎదురుగా పెడితే మధ్యలో మిగిలేది నాలుగడుగులే. బీరువా తలుపు తెరిస్తే అందులోనూ అడుగున్నర పోతుంది. నేనూ ఒకప్పుడు ఈ పొరపాటే చేశాను. తలుపు తెరవాలంటే ముందుగా, చెక్కను బిగించి పట్టేందుకు బల్లకున్న వైస్‌ను పూర్తిగా లోపలికి తిప్పాల్సి వచ్చేది కనుక, కొన్నాళ్లకు తలుపు తెరవడమే మానేశాను. పనిముట్లు బల్ల మీదకు చేరాయి, బీరువాలో ఖాళీ డబ్బాలు మిగిలాయి.

మన ఊళ్లలో ఇళ్లకు వచ్చి పనిచేసే వడ్రంగులు ఒక సంచిలో రంపం, చిత్రిక పట్టే తోపడ, ఉలులు, బాడిస, మూలమట్టం తెచ్చుకుని, నేల మీద కూర్చుని, చెక్కను కాలితో అదిమిపట్టి పని చేసేవారు. వారికి కావలసినవన్నీ చేయి చాచినంత దూరంలో ఉండేవి. మీ షెడ్డులోనూ ముందు చూడవలసినది ఈ దూరమే. బల్ల దగ్గర నిలబడి అడుగు కదపకుండా అందుకోగలిగిన గోడభాగం రోజూ వాడే పనిముట్లకు, రెండడుగులు నడిస్తే అందేది వారానికోసారి వాడేవాటికి, అటక మిగిలినవాటికి కేటాయించండి. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడానికి దసరాకు మించిన రోజు లేదు. ఆయుధపూజకు పనిముట్లన్నీ ఎలాగూ బయటకు తీసి, తుడిచి, బొట్టు పెడతాం కదా. కిందటి దసరా నుంచి ఒక్కసారైనా చేతిలోకి తీసుకోని పనిముట్టును ఆ రోజే అటక ఎక్కించేయవచ్చు.

ఇక గోడ సంగతి. ప్రతి పనిముట్టుకూ ఒక మేకు కొట్టుకుంటూ పోతే, రేపు అమరిక మార్చుకోవలసి వచ్చినప్పుడు గోడంతా చిల్లులే మిగులుతాయి. ఫ్రెంచ్ క్లీట్ అనే పద్ధతి ఇందుకు చక్కగా పనికివస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో ఎనిమిది అంగుళాల వెడల్పు పట్టీని తీసుకుని, దానిని నిలువునా మధ్యకు 45 డిగ్రీల ఏటవాలుతో చీల్చితే రెండు పట్టీలు వస్తాయి. ఒకదానిని, ఏటవాలు అంచు పైకి ఉండి గోడ వైపు దిగేలా, గోడకు బిగించాలి. రెండోదానిని తలకిందులు చేసి పనిముట్టు చట్రం వెనుక బిగించాలి. చట్రాన్ని ఎత్తి తగిలిస్తే రెండు వాలులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, బరువు పెరిగేకొద్దీ మరింత బిగుస్తాయి. చట్రం వెనుక కింది భాగంలోనూ అంతే మందం గల ముక్క ఒకటి అతికించకపోతే, చట్రం నిటారుగా నిలవక గోడ వైపు వాలిపోతుంది. మీ దగ్గర టేబుల్ సా (బల్లకు అమర్చిన కరెంటు రంపం) లేకపోయినా చింత లేదు; చేతితో పట్టుకుని కోసే సర్క్యులర్ సా పీఠాన్ని సాధారణంగా 45 డిగ్రీల వరకు వంచవచ్చు, అదీ లేకుంటే సామిల్లులో చీల్చి ఇవ్వమని అడగండి.

గోడకు బిగించే స్క్రూ మూడు అంగుళాలు ఉండాలి, ఎందుకంటే ప్లైవుడ్ మందం, సిమెంటు పూత దాటిన తరువాత ఇటుకలోకి అంగుళంన్నర దిగితేనే పట్టు ఉంటుంది. ప్రతి 16 అంగుళాలకు ఒక స్క్రూ చొప్పున, నైలాన్ ప్లగ్గు కొట్టి బిగించండి. ఇటుకల మధ్య సందులో కాకుండా ఇటుకలోకే రంధ్రం పడేలా చూసుకోండి.

మొదటి చట్రం ఉలులకు చేసుకోండి. అంగుళంన్నర మందం, మూడు అంగుళాల వెడల్పు ఉన్న టేకు ముక్క చాలు. అంచు నుంచి అంగుళం లోపలికి, రెండేసి అంగుళాల ఎడంతో రంధ్రాలు పెట్టి, ప్రతి రంధ్రానికీ ముందు అంచు నుంచి ఉలి అలుగు దూరేంత చీలిక కోయాలి. ఆ చీలిక ఉలి వెడల్పు కన్నా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ ఉండాలి. అంతకు మించితే ఉలి జారుతుంది. పిడి రంధ్రం మీద ఆగుతుంది, పదును కిందికి వేలాడుతుంది. ఆ పదునుకు అడ్డంగా పలుచని పలక ఒకటి కొట్టడం మరిచిపోకండి, మనవలు వచ్చే ఇల్లయితే మరీ ముఖ్యం.

బరువైనవాటికి అరలు తప్పవు. అర పొడవు రెట్టింపు చేసి, అడుగుకు అంతే బరువు పెడితే, కుంగుదల రెండు రెట్లు కాదు, 16 రెట్లు అవుతుంది. అందుకే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అరను రెండున్నర అడుగులకు మించి ఆధారం లేకుండా వదలకూడదు. ముందు అంచుకు అంగుళంన్నర ఎత్తు చెక్కపట్టీని నిలబెట్టి అతికిస్తే అర గట్టిపడుతుంది, డబ్బాలు జారిపడవు. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో ఐఎస్ (భారతీయ ప్రమాణం) 303 ముద్ర ఉన్న సాధారణ రకానికి బదులు, తేమను తట్టుకునే ఐఎస్ 710 (మెరైన్) ముద్ర ఉన్న ప్లైవుడ్ కొనడం మంచిది. అదే గాలి కారణంగా తోపడలను మాత్రం గోడకు తగిలించవద్దు. వాటి అలుగులకు కుట్టుమిషను నూనె పలుచగా రాసి, మూత బిగుతుగా ఉన్న పెట్టెలో పెట్టండి. పనిముట్ల మీద పేరుకున్న రంపపు పొట్టు తేమను పట్టి ఉంచుతుంది కనుక, నూనె రాసేముందు పొడిగుడ్డతో తుడవాలి.

ప్రశ్న: మిగిలిన చెక్కముక్కలు పారేయబుద్ధి కాదు. సగం ప్లైవుడ్ షీట్లు రెండు గోడకు ఆనించి పెడితే వంగిపోయాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ ప్రశ్నలో మొదటి భాగమే కష్టమైనది. ముక్కలకు ముందుగా ఒక పెట్టె కేటాయించండి, పెట్టె నిండితే పాతవి పొయ్యిలోకి పోవాలి. పెట్టెను మాత్రం పెద్దది చేయకండి. నా లెక్క ప్రకారం జానెడు కన్నా పొట్టిగా ఉన్న ముక్కను, టేకో జిట్రేగో అయితే తప్ప, దాచకూడదు. పొడవాటి ముక్కలను నిలువుగా నిలబెట్టి, ప్రతిదాని తలమీద కొలత సుద్దతో రాస్తే వెతకడం తగ్గుతుంది.

ప్లైవుడ్ వంగడానికి కారణం, అది పైఅంచు, కిందిఅంచు మీదే ఆని, నడుము గాలిలో ఉండడం. షీటును దాదాపు నిటారుగా నిలబెట్టి, వెనుక మూడు చోట్ల ఆనే పట్టీలు కొట్టండి. 18 మిల్లీమీటర్ల పూర్తి షీటు, అంటే 8 అడుగులకు 4 అడుగులది, 30 కిలోల పైమాటే; కాబట్టి ముందుకు ఒరగకుండా అడ్డంగా ఒక గొలుసు గాని తాడు గాని కట్టి తీరాలి. నేలకు నాలుగు అంగుళాలు, గోడకు అంగుళం ఎడం ఉంచండి. చెదలు మట్టితో బాట కట్టుకుంటూ పైకి ఎక్కుతాయి. ఎడం ఉంటే ఆ బాట కంటికి కనిపిస్తుంది, చెక్క గోడకు అంటుకుని ఉంటే లోపలంతా తినేశాకే తెలుస్తుంది.

ప్రశ్న: పాలిష్ సామాను, నూనె గుడ్డలు ఎక్కడ పెట్టాలి? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: పనిచేసే గదిలో మాత్రం వద్దు. థిన్నర్‌ను, స్పిరిట్‌ను నీళ్ల సీసాల్లోకి వంపుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది ప్రాణాంతకం. వచ్చిన డబ్బాలోనే, పేరు చెరగకుండా, స్విచ్చులకు దూరంగా, తాళం వేసే ఇనుప పెట్టెలో పెట్టండి. అంతకన్నా చాలామందికి తెలియనిది అవిసె నూనె సంగతి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు ఎవరూ పెట్టకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఒక్కొక్క గుడ్డను విప్పి, ఆరుబయట తీగ మీద విడివిడిగా ఆరేయండి. అట్టలా బిగిసిపోయాకే చెత్తలో వేయాలి. ఆరేసే తీరిక లేని రోజున నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి, మూత పెట్టండి.