'రెడీ' అంటే ఏమిటో తేలేదాకా మా గొడవ తెగలేదు

మీ టీమ్‌కీ పక్క డిపార్ట్‌మెంట్‌కీ ఏడాదిగా పడటం లేదనీ, చిన్న విషయానికి కూడా పైవాళ్లను సీసీలో పెట్టి మెయిళ్లు నడుస్తున్నాయనీ, అవతలి మేనేజర్ అసలు మీటింగ్‌కే రానంటున్నారనీ రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నాకు తెలిసింది ఒక్క కంపెనీ అనుభవం. దాన్నిబట్టి చెప్తున్నాను: మనుషుల మధ్య స్నేహం సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ చేతిలోంచి వాళ్ల చేతిలోకి పని మారే చోటు ఒకటుంటుంది. గొడవ అక్కడ పుడుతుంది, మనుషుల మీద కనిపిస్తుంది.

నేను పంపుల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ప్రొడక్షన్ ప్లానింగ్ చూసేవాణ్ని. సేల్స్ వాళ్లకీ మాకూ ఉప్పూ నిప్పూ. వాళ్ల నుంచి మెయిల్ వస్తే మేం ముందు చూసేది విషయం కాదు, సీసీలో ఎవరున్నారని. జవాబు రాయడానికి ఇద్దరం కూర్చుని అరగంట మాటలు వెతికేవాళ్లం. "నా కిందటి మెయిల్‌లో తెలిపినట్టుగా" అని మొదలైందంటే ఇక అది నోటీసే. ఒక ఆర్డర్ మీద ఇరవై ఆరు మెయిళ్లు నడిచాయి. ఆ ఇరవై ఆరింటిలో ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. నేను కూడా.

పైవాళ్లు ఊరుకోలేదు. వారం వారం జాయింట్ మీటింగ్ అన్నారు. దాని మినిట్స్ రెండు పక్షాలకూ సాక్ష్యాలుగా పనికొచ్చాయి, అంతే. తర్వాత అందరినీ ఒక రోజు బయటికి తీసుకెళ్లి ఆటలు ఆడించారు. బస్సులో మేం ముందు, వాళ్లు వెనక. గ్రూప్ ఫోటోలో అందరం నవ్వుతూనే ఉన్నాం, సోమవారం మళ్లీ సీసీలు మొదలు.

ఇది ఎందుకు పనిచేయలేదో నాకు చాలా రోజుల తర్వాత, ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు అర్థమైంది. పదకొండేళ్ల వయసున్న ఇరవై ఇద్దరు అబ్బాయిలను రెండు జట్లుగా విడదీసి, పోటీలు పెట్టి, వాళ్ల మధ్య శత్రుత్వం పెంచారు. తర్వాత కలపాలని ఒకే గదిలో సినిమా చూపించారు, ఒకే చోట భోజనం పెట్టారు. వాళ్లు ప్లేట్లలోది ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. క్యాంపుకి నీళ్లు ఆగిపోయి రెండు జట్లూ కలిసి వెతకాల్సి వచ్చినప్పుడు, కదలని ట్రక్కును ఒకే తాడుతో లాగాల్సి వచ్చినప్పుడు మెల్లగా మార్పు వచ్చింది. పిల్లలను అలా రెచ్చగొట్టడం మీద తర్వాత విమర్శలు కూడా వచ్చాయి, అది వేరే సంగతి. మా బస్సు ప్రయాణం ఆ సినిమా లాంటిది. లాగడానికి తాడేదీ లేదు.

మా దగ్గర మలుపు నా తప్పుతోనే వచ్చింది. ఒక ఆర్డర్‌ను తొమ్మిది రోజులు వెనక్కి జరిపాను. ఎవరికీ చెప్పలేదు. అడిగితే "సిస్టమ్‌లో అప్‌డేట్ చేశాను కదా" అన్నాను. నిజమే, చేశాను. కానీ ఆ స్క్రీన్ సేల్స్‌లో ఎవరికీ ఓపెన్ కాదని నాకు తెలుసు. గొడవ పెద్దదై, మా మేనేజర్ విసిగిపోయి, "వెళ్లి రెండు రోజులు వాళ్ల దగ్గరే కూర్చో" అన్నారు. శిక్షగానే వేశారని ఇప్పటికీ నా అనుమానం.

మొదటి రోజే ఫోన్ మోగింది. అవతలి కేకలు నా కుర్చీ దాకా వినబడుతున్నాయి. ఆర్డర్ అదే, నేను జరిపింది. సేల్స్ కోఆర్డినేటర్ ఆవిడ నా వైపు ఒకసారి చూశారు. "మా వైపే పొరపాటు జరిగిందండీ, కొత్త తేదీ సాయంత్రంలోగా చెప్తాను" అన్నారు. ప్రొడక్షన్ అనే మాటే ఎత్తలేదు. ఫోన్ పెట్టేశాక నోట్‌బుక్‌లో ఒక గీత గీసి పక్కన తేదీ వేసుకున్నారు. ఆ పేజీలో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. ఏమిటివి అనడిగాను.

"కస్టమర్ ఫోన్ చేస్తే తప్ప తేదీ మారిందని మాకు తెలియనివి సార్."

ఆ పద్నాలుగులో తొమ్మిది నావి. అప్పటిదాకా నా లెక్కలో, చేయలేని తేదీలు ఒప్పుకుని మా నెత్తిన పడేసేవాళ్లు వాళ్లు. వాళ్ల లెక్కలో, చెప్పకుండా మాట తప్పేవాళ్లం మేం. రెండూ నిజమే.

ఆ సాయంత్రం సారీ చెప్పాను. "ఏదైనా ఇబ్బంది కలిగి ఉంటే" అనే రకం సారీ కాదు. ఫలానా ఆర్డర్, తొమ్మిది రోజులు, మీకు స్క్రీన్ కనబడదని తెలిసే ఊరుకున్నాను అని చెప్పాను. ఆవిడ వెంటనే కరిగిపోయి నవ్వేశారని అనుకోకండి. "సరే సార్, రేపటి నుంచి ఫోన్ చేయండి" అన్నారు. అంతే. కానీ మర్నాడు ఆవిడ మా షాప్‌ఫ్లోర్‌కి వచ్చారు. నాలుగేళ్లలో సేల్స్ వాళ్లెవరైనా మెషిన్ల దాకా రావడం నేను చూడటం అదే మొదలు.

అక్కడ బయటపడింది అసలు ముడి. ఆవిడ ఒక ట్రే చూపించి, "ఇది రెడీ అని నిన్న చెప్పారు, ఇంకా ఇక్కడే ఉందేంటి?" అన్నారు. మా ఫోర్‌మన్, "రెడీయే కదమ్మా" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు అబద్ధాలకోరు అన్నట్టు చూసుకున్నారు. మెషిన్ మీంచి దిగితే మాకు రెడీ. ఇన్‌స్పెక్షన్ ముద్ర పడితే స్టోర్స్ వాళ్లకి రెడీ. లారీ గేటు దాటితే సేల్స్‌కి రెడీ. ఈ మూడు రెడీల మధ్య మామూలుగా నాలుగు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులే ఏళ్ల తరబడి మా పోట్లాట. ఆ వారం నుంచి రెడీ అనే మాటే వాడటం మానేశాం. మెషినింగ్ అయింది, ఇన్‌స్పెక్షన్ అయింది, గేటు దాటింది. మూడే మాటలు. ఎవరైనా నోరు జారి రెడీ అంటే అవతలివాళ్లు "ఏ రెడీ?" అనేవాళ్లు. కొన్నాళ్లకి అదే రెండు వైపులా జోకైంది.

మాటలు కుదిరినా లోపల ఇంకొకటి మిగిలింది, అది మా ఇద్దరి చేతిలో లేదు. మాకు మార్కులు వేసేది ఎన్ని టన్నులు తయారుచేశామన్న దాని మీద. కాబట్టి బరువైన ఆర్డర్లు ముందుకు, నలభై రకాల చిన్న ముక్కలుండే ఆర్డర్లు వెనక్కి. వాళ్లకి మార్కులు బుక్ చేసిన ఆర్డర్ల విలువ మీద. కాబట్టి నెల చివరి వారంలో, కస్టమర్ ఏ తేదీ అడిగితే ఆ తేదీకి ఒప్పేసుకుని, అన్నీ ఒక్కసారి తెచ్చి పోసేవాళ్లు. ఎవరి మార్కుల కోసం వాళ్లు బుద్ధిగా పనిచేస్తే గొడవ దానంతటదే తయారవుతుంది. దీనికి మంచితనం మందు కాదు. మేమిద్దరం కలిసి ఒక పేజీ రాసి ఇద్దరు మేనేజర్లకూ ఇచ్చాం. మూడు నెలలు పట్టింది కానీ, 'ఒప్పుకున్న తేదీకి పూర్తిగా గేటు దాటిన ఆర్డర్లు' అనే ఒక్క లెక్క రెండు డిపార్ట్‌మెంట్లకూ ఉమ్మడిగా పెట్టారు. టన్నుల లెక్క తీసేయలేదు, పక్కన ఇది చేర్చారు. మాకు దొరికిన తాడు అదే.

తేడాలే లేకుండా పోవాలని మాత్రం ఆశించకండి. 1967లో హార్వర్డ్‌కి చెందిన పాల్ లారెన్స్, జే లార్ష్ కొన్ని కంపెనీలను పరిశీలించి చెప్పింది నాకు బాగా నచ్చింది. సేల్స్ ఆలోచన ఈ వారం చుట్టూ, పరిశోధన విభాగం ఆలోచన కొన్నేళ్ల ముందు ఉండటం సహజం, పనే అలాంటిది. బాగా నడిచే కంపెనీల్లో ఆ తేడాలు అలాగే ఉన్నాయి. కాకపోతే గొడవను కప్పిపుచ్చకుండా, పైవాడి ఆర్డర్‌తో అణచకుండా, బల్ల మీద పెట్టి తేల్చుకున్నారు.

ఇక మీ అవతలి మేనేజర్ సంగతి. ఆయన రాకపోతే రానివ్వండి. మీటింగ్ అంటే ఆయనకి కోర్టులా కనబడుతుండొచ్చు, నాకూ అలాగే ఉండేది. మీ స్థాయిలో అవతల పనిచేసే ఒక్కరితో నేరుగా మాట్లాడటానికి మీ పైవాళ్లిద్దరి నోటిమాట అనుమతి తీసుకోండి. పై దాకా ఎక్కి మళ్లీ కిందికి దిగే కంటే పక్కకి వంతెన వేసుకొమ్మని ఆన్రీ ఫయోల్ అనే ఫ్రెంచ్ గని ఇంజనీరు 1916లోనే రాశాడు, పైవాళ్లకి తెలిసి జరగాలన్న షరతుతో. ఆ షరతు వదలకండి. చాటుగా చేస్తే రేపు అదే మీ మీద కొత్త మెయిల్ అవుతుంది.

అవతల ఎవరైనా రికార్డులు తారుమారు చేస్తున్నా, మనుషులను బెదిరిస్తున్నా నేను చెప్పిందేదీ పనికిరాదు. అది హెచ్ఆర్‌కి వెళ్లాల్సిన విషయం.

అది కాకపోతే, బాగా పాతబడి ఇంకా తేలని పని ఒకటి తీసుకుని అవతల పనిచేసే ఆ ఒక్కరి దగ్గరికి వెళ్లండి. ఒక్కటే, పది కాదు. దాని వివరాలు ప్రింట్ తీసుకెళ్లండి, లాప్‌టాప్ వద్దు. స్క్రీన్ మీ చేతిలో ఉంటే అవతలివాళ్లు చూస్తూ కూర్చోవాల్సిందే. కాగితం మధ్యలో పెడితే ఇద్దరూ దాని మీద పెన్ను పెట్టొచ్చు. మేం మొదట గీసిన కాగితంలో నా చేతిరాత కంటే ఆవిడ రాతే ఎక్కువ.