మనిషి లేచినా లేవని సీటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊళ్లో ఒక ఆడిటోరియం నిర్వహణ చూస్తుంటాను. మనిషి లేవగానే సీటు దానంతటదే పైకి మడుచుకునే కుర్చీలు. మొన్నామధ్య కుషన్లు చివికిపోతే మందపాటివి కొత్తగా వేయించాం. అప్పట్నుంచీ చాలా సీట్లు కొంత దూరం లేచి అక్కడే ఆగిపోతున్నాయి. స్ప్రింగులు పోయాయి, అన్నీ మార్చాల్సిందే అంటున్నాడు మెకానిక్. నిజమేనా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: ఆగండి, అప్పుడే ఆర్డరు ఇచ్చేయకండి. కుషన్లు మార్చాకే మొదలైందని మీరే చెబుతున్నారు కాబట్టి నా అనుమానం స్ప్రింగుల మీద కంటే సీటు బరువు మీదే ఎక్కువ.

ఈ కుర్చీల్లో ఎక్కువ వాటికి సీటు ఇరుసు చుట్టూ, రెండు పక్కలా ఒక్కోటి చొప్పున, చుట్టల స్ప్రింగు ఉంటుంది. బట్టలు ఆరేసే క్లిప్పులో ఉండేదీ ఇదే జాతి. దాని ఒక కొస కుర్చీ ఫ్రేముకీ, రెండోది సీటుకీ ఆనుకుని ఉంటాయి. మీరు కూర్చుంటే చుట్టలు బిగుసుకుంటాయి, లేస్తే విచ్చుకుంటూ సీటును పైకి నెడతాయి. ఇప్పుడు చిన్న లెక్క. సీటు 4 కిలోలు, దాని బరువు కేంద్రం ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. పరిచి ఉన్నప్పుడు దాన్ని లేపడానికి 4ను 20తో గుణిస్తే వచ్చే 80 కిలో-సెంటీమీటర్ల మెలిబలం (ఇరుసు చుట్టూ తిప్పే బలం) కావాలి. మీరు మందపాటి ఫోమ్, కొత్త ప్లైవుడ్ వేయించి దాన్ని 5 కిలోలు చేస్తే అది 100 అవుతుంది. స్ప్రింగు మాత్రం పాత 80ని లెక్కలో పెట్టుకుని, కాస్త మిగులు బలంతో చేసిందే.

మరి అసలు లేవకుండా ఉండాలి గానీ మధ్యలో ఎందుకు ఆగుతోంది అంటారా? అసలు తమాషా ఇక్కడే ఉంది. సీటు లేచేకొద్దీ దాని భారం తగ్గుతుంది, నిజమే, కానీ సమంగా తగ్గదు: 45 డిగ్రీలు లేచినా ఇంకా 70 శాతం భారం అలాగే ఉంటుంది. స్ప్రింగు బలం మాత్రం విచ్చుకున్నకొద్దీ సమానంగా పడిపోతుంది, అంటే పూర్తిగా లేచేసరికి సున్నా అయ్యేలా బిగించిన స్ప్రింగయితే అదే 45 డిగ్రీల దగ్గర సగానికి వచ్చేస్తుంది. కింద ఉన్నప్పుడు మిగులు బలం కనిపించినా దారి మధ్యలో చాలక సీటు వేలాడుతుంది. అందుకే సీటు నిలువుగా ఉన్నప్పుడు కూడా స్ప్రింగులో కొంత బిగువు మిగిలి ఉండేలా ముందే తిప్పి పెడతారు. కొన్ని మోడళ్లలో ఫ్రేము వైపు కొసను పెట్టడానికి రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. మీ కుర్చీల్లో ఉంటే, కొసను చుట్ట ఇంకాస్త బిగుసుకునే వైపు ఒక రంధ్రం జరిపి చూడండి, కొత్త స్ప్రింగులు కొనకుండానే పని జరిగిపోవచ్చు. జరిపేటప్పుడు చెయ్యి జాగ్రత్త, బిగువులో ఉన్న కొస జారితే వేలు చీరేస్తుంది.

ఇంకో పరీక్ష. ఒక సీటుకు స్ప్రింగులు విప్పేసి, సీటును చేత్తో పైకీ కిందకీ ఆడించండి. ఎక్కడా పట్టకుండా తేలిగ్గా ఆడితే ఇరుసు బాగున్నట్టే. బరువుగా, గీరుకుంటూ కదిలితే బుష్‌లో, అంటే ఇరుసు తిరిగే గొట్టంలో, దుమ్మూ తుప్పూ పేరుకున్నాయని అర్థం, లేదా కుషన్ వేసినవాడు పక్క బోల్టులు మరీ బిగించేశాడు. కుర్చీ కాళ్లు నేలకు బిగించిన చోట ఒకటి కాస్త వంకరపోయినా రెండు ఫ్రేములూ సీటును నొక్కిపట్టేస్తాయి, అప్పుడు కొత్త స్ప్రింగు వేసినా దండగే.

ప్రశ్న: పైన చెప్పిన బాధే మాకూ ఉంది. స్ప్రింగులు చుట్టే షాపులో 3 మిల్లీమీటర్ల తీగ బదులు మూడున్నర వేస్తే గట్టిగా ఉంటుందన్నారు. వేయించమంటారా? (హనుమకొండ)

జవాబు: వద్దు. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. చుట్టల సంఖ్య, వాటి వ్యాసం అలాగే ఉంచి 3ను 3.5 చేస్తే గట్టిదనం దాదాపు 1.85 రెట్లు అవుతుంది. అప్పుడు సీటు లేవడం కాదు, కొడుతుంది. కచేరీ నడుస్తుంటే ఒకరు లేచిన ప్రతిసారీ ఠప్పుమనే చప్పుడు, ఆపైన ఆగే చోట ఉన్న రబ్బరు బిళ్లలు నలిగిపోవడం, వెల్డింగు చిట్లడం. పాత స్ప్రింగునే నమూనాగా తీసుకెళ్లి అదే తీగ, అన్నే చుట్టలు అడగండి. కుడిదీ ఎడమదీ వేర్వేరుగా చుట్టించాలి, ఎందుకంటే మనిషి కూర్చున్నప్పుడు చుట్ట బిగుసుకునే దిశలోనే తిరగాలి, తిరగబడితే త్వరగా విరుగుతుంది. బిగుసుకున్నప్పుడు చుట్ట సన్నబడుతుంది కూడా, కాబట్టి లోపలి ఇరుసుకు కాస్త ఖాళీ ఉండాలి.

ప్రశ్న: మేం తెలుగు సంఘం వేడుకకు హాలు తీసుకుంటే, మామూలు కుర్చీలు వేసినప్పుడు వరసల మధ్య ఎక్కువ జాగా వదలమంటారు, సీటు మడిచుకునే హాల్లో మాత్రం ఇరుకుగా ఉన్నా పర్వాలేదంటారు. ఇదేం న్యాయం? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: న్యాయమేనమ్మా. అమెరికాలో చాలాచోట్ల పాటించే ఐబీసీ అనే భవన నియమావళిలో, 14 వరకూ సీట్లున్న వరసలో మనిషి వెళ్లడానికి కనీసం 12 అంగుళాల ఖాళీ ఉండాలి. సీట్లు వాటంతటవే లేచేవైతే ఆ 12ను సీటు లేచి ఉన్నప్పుడు కొలుస్తారు. వరసలో ఒక్క కుర్చీ అలా లేవనిదైనా సరే, సీటు పరిచి ఉన్నట్టే కొలవాలి. పొగ కమ్మితే ఎవరూ వంగి సీటు ఎత్తి మరీ పరిగెత్తరు, అది స్ప్రింగు చేసి పెట్టాల్సిన పని. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనంగా సీట్లు వేసి ఒక పక్క దారి మూసేయడం అక్కడ బయటపడ్డ తప్పుల్లో ఒకటి. తెనాలి, హనుమకొండ పాఠకులు కూడా ఇది చదవాలి, సగంలో వేలాడే సీటు చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే కాదు సమస్య.

ప్రశ్న: ఈ కుర్చీ ఎప్పటిది? స్ప్రింగు లేకుండా కూడా లేస్తుందా? (కర్నూలు)

జవాబు: 1854లోనే బోస్టన్‌కు చెందిన ఏరన్ అలెన్ నాటకశాలల కోసం, దానంతటదే లేచే సీటుకు పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగు లేకుండా బ్రహ్మాండంగా లేస్తుంది: ఇరుసును కాస్త ముందుకు జరిపి, వెనకంచుకు ఇనప బరువు కట్టి, మొత్తం బరువు ఇరుసు వెనక పడేలా చేస్తే చాలు. విరిగేదేమీ ఉండదు. కుర్చీ మాత్రం బరువెక్కుతుంది.

ప్రశ్న: సినిమాకు వెళ్తే మా మూడేళ్ల బాబు సీట్లో మడుచుకుపోతున్నాడు. (విజయనగరం)

జవాబు: పిల్లలు వెనక్కి జరిగి ఆనుకుని కూర్చుంటారు, బరువు ఇరుసుకు దగ్గరగా పడి స్ప్రింగుదే పైచెయ్యి అవుతుంది. మీ హ్యాండ్‌బ్యాగ్ సీటు ముందంచు మీద పెట్టండి, లేదా మీ చెయ్యి అక్కడ ఆనించి ఉంచండి. సీటుకీ వీపుకీ మధ్య సందులో మాత్రం వాడి వేళ్లు పెట్టనివ్వకండి.