ఎంజైమ్ ఆకారం తెలిసిపోయాక కూడా మందు రాదేం?

ప్రశ్న: బ్యాక్టీరియా ఎంజైమ్‌ల ఆకారం ఇప్పుడు కంప్యూటర్లో అంత స్పష్టంగా కనిపిస్తోంది కదా, దానికి సరిపోయే మందు డిజైన్ చేసేస్తే అయిపోదా? పైగా అలాంటి ఎంజైమ్‌లు మనలో కూడా ఉంటాయిగా, అవీ ఆగిపోతే ఎలా?

జవాబు: రెండో డౌట్ ముందు చూద్దాం, అసలు కిటుకంతా అందులోనే ఉంది. డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ బ్యాక్టీరియాలోనూ ఉంది మనలోనూ ఉంది, చేసే పనీ ఒకటే, కానీ ట్రైమెథోప్రిమ్ అనే మందు బ్యాక్టీరియా ఎంజైమ్‌ని మనదానికన్నా వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. క్రిస్టల్ స్ట్రక్చర్ (ఎంజైమ్‌ని స్ఫటికంగా మార్చి ఎక్స్-రేలతో తీసే ఆకారం) తీసి చూస్తే మందులోని నైట్రోజన్ల రింగ్ లోపలికంటా దిగి, ఈ.కోలై ఎంజైమ్‌లో 27వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లం ఆస్పార్టేట్‌ని పట్టుకుని కూర్చుంటుంది. నిజానికి ఈ మందు ముందే దొరికింది, ఎందుకు పనిచేస్తోందో స్ట్రక్చర్ తర్వాత చెప్పింది.

వాబోర్‌బాక్టమ్ అనే మందు సంగతి ఇంకా బాగుంటుంది. బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌లని చెడగొట్టడానికి వాడే బీటా లాక్టమేజ్ ఎంజైమ్‌లు చాలావాటిలో 70వ స్థానంలోని సీరీన్ అనే అమైనో ఆమ్లం యాంటీబయాటిక్ రింగ్‌ని తెంచి పారేస్తుంది, వాబోర్‌బాక్టమ్‌లోని బోరాన్ వెళ్లి ఆ సీరీన్‌కే అతుక్కుంటుంది, అప్పుడు రింగ్ తెగే క్షణంలో ఉండే ఆకారమే అక్కడ ఏర్పడుతుంది కాబట్టి ఎంజైమ్ ఆ మెట్టు దగ్గరే ఇరుక్కుపోతుంది. 2017లో అమెరికాలో దీనికి యాంటీబయాటిక్ అయిన మెరోపెనెమ్‌తో కలిపి అనుమతి వచ్చింది. అదే మందు ఇంకో బీటా లాక్టమేజ్ అయిన ఎన్‌డీఎం-1 మీద పనిచేయదు, అక్కడ సీరీన్ బదులు రెండు జింక్ అయాన్లు పని కానిస్తాయి మరి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎంజైమ్‌లో మందు కూర్చునే గుంటని పాకెట్ అంటారు. పాకెట్‌లో చక్కగా కూర్చునే అణువు దొరికితే సగం పనే అయినట్టు, నన్నడిగితే సగం కన్నా తక్కువే. ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియాకి రెండు పొరలుంటాయి, బయటి పొరలో పోరిన్‌లనే సన్నటి దారులు తప్ప పెద్దగా సందు ఉండదు, ఎలాగో దూరినా ఎఫ్లక్స్ పంపులు మళ్లీ బయటికి తోసేస్తాయి. అందుకే టెస్ట్ ట్యూబ్‌లో నానోమోలార్ (అతి కొద్ది) మోతాదుకే ఎంజైమ్‌ని ఆపేసిన అణువు బతికున్న బ్యాక్టీరియాని కదిలించలేకపోవడం ఈ ఫీల్డ్‌లో మామూలే. దారికోసం అణువుని మారిస్తే పట్టు సడలుతుంది, పట్టుకోసం మారిస్తే లోపలికి దూరదు, ఏళ్లన్నీ ఈ లాగులాటలోనే పోతాయి.

స్ట్రక్చర్ కూడా అన్నీ చెప్పదు. స్పష్టత (రిజల్యూషన్) 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పాకెట్‌లోని నీటి అణువులు కనిపిస్తాయి గానీ హైడ్రోజన్లు సాధారణంగా కనిపించవు, ఎంజైమ్ కదలికలూ అందులో పెద్దగా తెలియవు.

అందుకని ఫలానా ఎంజైమ్‌ని ఆపే అణువు దొరికిందని ఎక్కడైనా చదివితే డాకింగ్ స్కోర్ (పాకెట్‌లో అణువు ఎంత బాగా సరిపోతుందో కంప్యూటర్ వేసే అంచనా) పక్కన పెట్టి ఎంఐసీ ఎంతో చూడండి, అంటే బ్యాక్టీరియా పెరక్కుండా ఆపడానికి కావలసిన కనీస మోతాదు.